సానరాయికి కట్టిన ఉయ్యాల

చెంగల్వకు అన్నిటికన్నా పెద్ద భయం, ఇంట్లో ఉన్న కత్తిని తన పది నెలల కొడుకు పట్టుకుంటాడని. మాంత్రికుడు ధూమకేశుడంటే కూడా భయమే కానీ అది రెండోది. మాంత్రికుడు ఎప్పుడో వస్తాడు, బుద్ధి పుట్టకపోతే రాడు. కత్తి మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచీ గోడకు వేలాడుతూనే ఉంటుంది. పిల్లవాడు అంకురుడు పొద్దున లేచిన దగ్గర్నుంచీ దానికేసి పాకుతూనే ఉంటాడు. ఆమె దాన్ని మూరెడు పైకి జరిపింది. వాడు గోడ పట్టుకుని నిలబడడం నేర్చుకున్నాడు. ఇంకో మూరెడు జరిపింది. వాడు పీట మీదికి ఎక్కడం నేర్చుకున్నాడు.

ఆ కత్తిని ఆమె కోరి తెచ్చుకోలేదు. ఏడు ప్రాకారాలతో, ప్రతి ప్రాకారానికీ ఒక రంగు రాతితో, దూరం నుంచి చూస్తే ఎవరో ఇంద్రధనుస్సును చుట్టచుట్టి నేలమీద పెట్టారా అనిపించే కర్ణికాపురాన్ని చండవిక్రమ మహారాజు ఏలుతున్నాడు. కందకంలో మొసళ్ళు, బురుజుల మీద కంచు సింహాలు, సింహాల నోళ్ళలోంచి గంటకోసారి పన్నీటి జల్లు. ఇన్ని ఉన్నా ధూమకేశుడు వచ్చి తనకు కావలసింది పట్టుకుపోతూనే ఉన్నాడు. మహారాజు విసిగిపోయి పోయిన వసంతంలో చాటింపు వేయించాడు. నడవగలిగిన ప్రతి మనిషి నడుముకూ కత్తి ఉండాలి. అన్ని కత్తులను చూస్తే దొంగ గుండె దానంతటదే ఆగిపోవాలి. మర్నాడే నూట ఎనిమిది ఏనుగుల మీద కత్తులు ఊరేగుతూ వచ్చి ఇల్లిల్లూ చేరాయి.

మేలు జరగలేదని అనడానికి లేదు. సంతలో తూకాలు సరిపడ్డాయి. ఇరుకు సందుల్లో ఎడ్లబండ్లవాళ్ళు ఒకరినొకరు "మీరు పొండి" అంటే "మీరే పొండి" అనుకుని సాయంత్రం దాకా నిలబడిపోయారు. అయితే మొదటి నెలలో దొంగలు ఇళ్ళలోంచి ఎత్తుకుపోయినవాటిలో ఎక్కువ కత్తులే. అంతకుముందు ఒట్టి చేతులతో వచ్చేవాళ్ళు అప్పట్నుంచి కత్తులతో రాసాగారు. దీనికి విరుగుడుగా మహారాజు ఇంటికి రెండేసి కత్తులు ఇప్పించాడు.

ఇంకో చిక్కు ఉంది. కర్ణికాపురంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. ఒర విడిచిన కత్తి ఒక్క బొట్టయినా నెత్తురు చూడనిదే తిరిగి ఒరలోకి పోకూడదు. పూర్వం కత్తి పట్టేవాళ్ళు సైనికులే గనక ఆచారం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు గానుగవాడూ, కుండలవాడూ, పెళ్ళిపెద్దా అందరూ కత్తి దూసి పక్కవాడికి చూపించడం, చూపించాక గతిలేక తన బొటనవేలే గీసుకుని మళ్ళీ ఒరలో పెట్టుకోవడం. ఊళ్ళో గుడ్డపీలిక చుట్టని బొటనవేలు కనబడితే, పాపం కత్తి పోయినట్టుంది అనుకునేవారు.

చెంగల్వ మొగుడు పుష్కరుడు ఊరికంతటికీ కత్తులు సానపట్టే మనిషి. పట్టిన ప్రతి కత్తినీ దూసి చూడాలి గనక అతని బొటనవేళ్ళు రెండూ అరటిపువ్వుల్లా ఉబ్బిపోయాయి. అందుకని మూడు నెలలుగా సాన చెంగల్వే పడుతోంది. ఇంటి ముందు పందిట్లో మనిషెత్తు దారుచట్రం, చట్రంలో నిలువునా గుండ్రటి సానరాయి, కింద కాలితో తొక్కే పలక, పైన అడ్డంగా దూలం. ఆ దూలానికే ఒంటి తాడుతో చీర ఉయ్యాల వేలాడదీసి పిల్లవాణ్ణి పడుకోబెట్టేది. రాయి తిరిగితే దూలం అదురుతుంది, ఉయ్యాల ఊగుతుంది, వాడు నిద్రపోతాడు. రాయి ఆగితే లేస్తాడు. ఆ రకంగా కర్ణికాపురంలో కత్తులు ఎంత పదునుగా ఉన్నాయన్నది అంకురుడి నిద్రను బట్టి ఉండేది.

ఇట్లా ఉండగా ఒకనాడు మహారాజు సభలో తన కత్తి తీయబోతే పిడికి ఒక తాటాకు చుట్టి ఉంది. ఎప్పుడు చుట్టారో ఎవరికీ తెలియదు.

"ఎల్లుండి మిట్టమధ్యాహ్నం మీలో ఒకరి మొహం పెట్టుకుని, ఒట్టి చేతులతో వచ్చి, మీ సానరాయిని పట్టుకుపోతాను. పన్నెండు వేల కత్తులకు నా నమస్కారం. ధూమకేశుడు."

మహారాజు వెంటనే దండనాయకుడు రణకేసరిని పిలిచి, సానరాయి ఉన్న వీధి నిండా కత్తులున్న పౌరులను నింపమన్నాడు. అంటే చెంగల్వ గుమ్మం ముందు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. మొత్తం మూడు వందల పన్నెండు మంది. అందరూ కాపలాకు ముందు కత్తికి పదును పెట్టించుకోవాలని వరసకట్టారు. వరస వీధి మలుపు దాటి పోయింది.

"దొంగ మనలో ఒకరి మొహంతో వస్తాడట కదా, కొండయ్య మామా. మరి ఎవర్ని నరుకుతారు?" అని అడిగింది చెంగల్వ, వరసలో ముందున్న గానుగ కొండయ్యను.

"అనుమానం వచ్చినవాణ్ణి," అన్నాడు కొండయ్య.

"అనుమానం ఎవరిమీద వస్తుంది?"

"ఆ వేళకి ఎవరు కదిలితే వాళ్ళమీద. నువ్వు కదలకమ్మాయ్, నీకేం భయం లేదు."

వెనకనున్న కుండలవాడు అందుకున్నాడు. "కత్తి ఉంటే దొంగ రాడు మామా. మా ఇంటికి ఇంతవరకు వచ్చాడా?"

"కత్తి లేనప్పుడు వచ్చాడేమిట్రా?"

"అప్పుడూ రాలేదనుకో."

"మీ ఇంట్లో ఏముందని వస్తాడు, కుండలు తప్ప?"

"ఇప్పుడు కత్తుంది కదా మామా, ఇప్పుడు రావచ్చు," అని కుండలవాడు కాస్త గర్వంగా అన్నాడు.

చెంగల్వ ఉయ్యాలకేసి చూసింది. వాడు బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. వచ్చేది ఒక్కడు. వాడి దగ్గర కత్తి లేదు. ఇక్కడ మూడు వందల పన్నెండు కత్తులు, ఆరు వందల ఇరవై నాలుగు కళ్ళు, అందులో సగం కళ్ళు ఎల్లుండికి నిద్రలేక ఎర్రబడేవి. వీళ్ళు మధ్యాహ్నం పూట భయంతో కత్తి విసిరితే అది ఎక్కడ పడుతుంది? ఆమెకు పెద్ద లెక్కలు రావు. ఈ లెక్క మాత్రం తేలింది.

కొండయ్య కత్తి తీసుకుంది. అంచును రాయికి ఏటవాలుగా కాకుండా నిటారుగా ఆనించి తొక్కింది. నిప్పురవ్వలు మామూలుకన్నా బాగా లేచాయి. అంచు చదునయింది. మొనను గుండ్రంగా తిప్పింది. తరవాత చింతపండూ బూడిదా పెట్టి తోమింది. కత్తి చంద్రబింబంలా మెరిసింది. దానితో వంకాయ కూడా తెగదు.

"అబ్బ! మొహం కనబడుతోందే!" అని కొండయ్య మురిసిపోయి ఒరలో దోపుకున్నాడు. సానకిచ్చిన కత్తికి నెత్తురుబొట్టు అద్దడం సానపట్టేవాళ్ళ పని, చెంగల్వ తన వేలి పచ్చిగాయంతో ముందే అద్దేసింది గనక, పదును చూడాలని ఆయనకు తోచలేదు.

రెండు పగళ్ళు ఆమె అదే పని చేసింది, తమ ఇంటి రెండు కత్తులనూ వదల్లేదు. పక్కన కూర్చుని కత్తులు అందిస్తున్న పుష్కరుడు, "ఏమే చెంగల్వా, నాకన్నా తొందరగా పడుతున్నావే," అన్నాడు.

"రాయి మంచిది," అంది.

రాజుగారి కత్తులను మొండిచేస్తే శిక్ష ఏమిటో ఆమెకు తెలుసు. కందకం. మొసళ్ళకు ఆ నెల తిండి బాగానే దొరుకుతోందని కూడా తెలుసు. అయినా కాలు ఆగలేదు. కాలు ఆగితే పిల్లవాడు లేస్తాడు.

మూడు వందల పదకొండు అయ్యాక చివరికి చల్లమ్ముకునే గౌరక్క వచ్చింది. వీధి చివర ఒంటరిగా ఉండే విధవరాలు. కత్తిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వెందుకక్కా ఈ కాపలాకి?" అంది చెంగల్వ.

"కత్తి ఉన్నవాళ్ళంతా రమ్మన్నారు కదే. నాకు దొంగ సంగతి తెలీదమ్మా. కానీ ఒక మాట చెప్తా, ఎవరితోనూ అనకు. రోజూ పొద్దుగూకితే తాగొచ్చి నా తలుపు తట్టేవాడొకడున్నాడు. నా నడుముకి ఇది కట్టుకున్న దగ్గర్నుంచీ అవతలి గట్టునే నడుస్తున్నాడు. వాణ్ణి నేనేం పొడవక్కర్లేదు, చూపిస్తే చాలు. కానీ చూపించేటప్పుడు నా కళ్ళల్లో అబద్ధం ఉంటే వాడు పసిగట్టేస్తాడే."

చెంగల్వ ఆ కత్తిని రాయికి నిటారుగా పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తరవాత ఏటవాలుగా తిప్పి, తన మామ మొగుడికీ మొగుడు తనకూ నేర్పిన పద్ధతిలో, వెంట్రుక రాలితే రెండయ్యేటంత పదును పెట్టింది. ఆ వీధి మొత్తానికి పదునున్న కత్తి అదొక్కటే అయింది.

మూడోనాడు ఎండ నడినెత్తికి వచ్చింది. బురుజు మీది కంచు సింహాలు పన్నీరు చిమ్మాయి. వీధి పొడుగునా మూడు వందల పన్నెండు మంది, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేటంత దగ్గరగా, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ నిలబడ్డారు. ఎవరూ కదలడం లేదు. కుండలవాడికి ముక్కు మీద ఈగ వాలింది, తోలుకోలేదు. పందిట్లో చెంగల్వ ఒక్కతే, పిల్లవాడు లేస్తాడని, ఒట్టి రాయినే తొక్కుతోంది.

ఇంట్లోంచి పుష్కరుడు చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని బయటికి వచ్చాడు. అతని వెనకే ఇంకో పుష్కరుడు చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఒర దూయండి!" అని రణకేసరి అరిచాడు.

మూడు వందల పన్నెండు కత్తులు ఒక్కసారి గాలిలోకి లేచాయి. ఆ మెరుపుకి ఏడో ప్రాకారం మీది పావురాలు ఎగిరిపోయాయి. ఇద్దరు పుష్కరులూ చెంబులు పారేసి ఒకరినొకరు వేలుపెట్టి చూపించుకున్నారు. ఇద్దరి వేళ్ళూ అరటిపువ్వుల్లాగే ఉన్నాయి.

"వీడే దొంగ!" అన్నారు ఇద్దరూ.

రణకేసరి క్షణం ఆలోచించాడు. "ఇద్దర్నీ నరకండి. పొరపాటుంటే తరవాత చూసుకుందాం," అన్నాడు.

"ఆగండయ్యా!" చెంగల్వ పలక మీదినుంచి కాలు తీయకుండానే అరిచింది. "నేనడుగుతా. ఇదిగో, మీ ఇద్దరూ చెప్పండి. మన అంకురుడికి ఎన్ని పళ్ళొచ్చాయి?"

మొదటి పుష్కరుడు తడుముకోలేదు. "ఐదు. కింద మూడు, పైన రెండు. పైన రెండోది మొన్న మంగళవారం కనబడింది. ఆ రాత్రంతా నువ్వు పడుకోలేదు."

రెండో పుష్కరుడు ఉయ్యాలకేసి చూశాడు, పెళ్ళాంకేసి చూశాడు, నేలకేసి చూశాడు. "పళ్ళు... వచ్చినయ్యా?" అన్నాడు.

చెంగల్వ మొదటివాణ్ణి చూపించింది. "వీడే దొంగ."

"అదేమిటమ్మాయ్, సరిగ్గా చెప్పినవాడు దొంగెట్లా అవుతాడు?" అన్నాడు కొండయ్య.

"అందుకే, మామా."

గుంపులో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలూపారు. మగవాళ్ళకు అర్థం కాలేదు గానీ, అంతమంది తలలూపాక ఇంక ఆలోచించకుండా మీదపడ్డారు. దబ్, దబ్, దబ్ అని చప్పుడు. దొంగ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కత్తులు వాడి భుజాల మీద పడి, కందగడ్డ మీద తెడ్డు పడ్డట్టు జారిపోయాయి. నలుగురు కత్తి తిప్పి చూసుకున్నారు. ఒకడు ఆచారం గుర్తొచ్చి, ముందు ఒరలో పెట్టుకుందామని బొటనవేలు గీసుకున్నాడు. తెగలేదు. గట్టిగా గీశాడు. తెగలేదు. రంపం లాగినట్టు లాగాడు. కాసేపటికి వీధి వీధంతా తన వేలు తనే కోసుకోలేక చెమటలు కక్కుతోంది. నెత్తురు చూడని కత్తిని ఒరలో పెట్టకూడదు, కింద పారేస్తే కత్తికి అవమానం. అందరి కుడిచేతులూ పైకి లేచి అట్లాగే ఉండిపోయాయి.

అప్పుడు ధూమకేశుడు పుష్కరుడి మొహాన్ని తడిగుడ్డ విదిల్చినట్టు విదిల్చి పారేశాడు. తాటిచెట్టంత పెరిగాడు. ముంజేతులకు పాముల కడియాలు, చెవులకు తోడేలు గోళ్ళ పోగులు, ఒంటినిండా విభూతికి బదులు బొగ్గుపొడి. తలమీద జుట్టు లేదు, జుట్టుండే చోట చిక్కటి నల్లటి పొగ. ఆ పొగ పాయలు పాయలుగా కిందికి దిగి చట్రాన్నీ రాయినీ పెనవేసుకుంది.

"ఈ రాయి లేకపోతే ఆరు నెలల్లో మీ కత్తులన్నీ తెడ్లవుతాయని వచ్చాను," అన్నాడు. ఒక కత్తి అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు. "ఎవరో నాకన్నా ముందే వచ్చి పోయినట్టున్నారే!"

చట్రం నేలనుంచి లేచింది. చట్రంతో రాయి లేచింది. దూలంతో ఉయ్యాల లేచింది.

చెంగల్వ కేక కర్ణికాపురం ఏడు ప్రాకారాలకూ వినబడింది. ఆమె పలకను పట్టుకుని వేలాడింది. దానితోబాటే పైకి పోయింది.

"కత్తి! తాడు కొయ్యడానికి ఒక్క కత్తివ్వండయ్యా!"

కొండయ్య ఎగిరి తన కత్తితో ఉయ్యాల తాడు మీద ఒక్కటిచ్చాడు. ఉయ్యాల ఊగింది. అంకురుడు నిద్రలో నవ్వాడు. కుండలవాడు కొట్టాడు, రణకేసరి కొట్టాడు. తాడుకి గీతైనా పడలేదు. ఆ మూడు కత్తులనూ తానే రెండు రోజుల కిందట ఎట్లా నిటారుగా పట్టుకుందో చెంగల్వకు వేళ్ళల్లో గుర్తుకొచ్చింది.

"గౌరక్కా! నీది! నీ కత్తి!"

గుంపులో వెనకెక్కడో గౌరక్క కత్తి పైకెత్తి, "తప్పుకోండర్రా, తప్పుకోండి!" అని తోసుకుంటూ వస్తోంది. ఎత్తిన చేతులు దించలేని మూడు వందల మంది మధ్యలోంచి ఒంటరి ఆడమనిషి తోసుకుని రావడం అయ్యే పనేనా? ఉయ్యాల ఇంటి కప్పు దాటింది.

చెంగల్వ పలక మీదినుంచి చట్రం మీదికి పాకింది. పైనుంచి చూస్తే వీధి మొత్తం మెరుస్తున్న కత్తుల చేనులా ఉంది. పొగ వాళ్ళను తూర్పుకేసి లాక్కుపోతోంది. ఎదురుగా కోటగోడ, గోడ అవతల కందకం. నీళ్ళ మీద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎండ కాచుకుంటున్నాయి. వీధిలో నాలుగిళ్ళు మిగిలాయి. గోడ దాటితే ఇంక పిల్లవాణ్ణి దించడానికి నేలనేది లేదు.

కింద ఒక మనిషి తలెత్తి పరుగెడుతున్నాడు. పుష్కరుడు. నడుమున ఉన్న కత్తిని ఒరతో సహా పీకి, ఆచారమూ లేదు రాజూ లేడన్నట్టు మురిక్కాలవలోకి విసిరేశాడు. కర్ణికాపురంలో ఆ పని చేసిన మొదటి మనిషి అతనే. ఉబ్బిన చేతులు రెండూ చాచి అరుస్తున్నాడు.

"వదిలెయ్యవే! పట్టుకుంటా!"

"పట్టుకుంటావా? ఎన్ని పళ్ళో తెలీదు, పట్టుకుంటాడట!"

"పళ్ళు తరవాత లెక్కపెడతానే! వదులు!"

మూడిళ్ళు. ఆమె ఉయ్యాల తాడును దూలం దగ్గర ఒడిసిపట్టి, లాగి, రాయి అంచుకు ఆనించింది. ఒక కాలు చట్రానికి మెలేసి రెండో కాలితో పలక తొక్కింది. రాయి తిరిగింది. తాడు పీచులు లేచాయి. రాయి తిరగడంతో పిల్లవాడు ఇంకా హాయిగా నిద్రలోకి జారాడు. రెండిళ్ళు. పీచు మీద పీచు తెగుతోంది. ధూమకేశుడు వెనక్కి తిరిగి చూసి, పొగపాయ ఒకటి ఆమె మెడ చుట్టూ వేశాడు. ఊపిరి ఆడలేదు. కాలు ఆగలేదు. ఒక ఇల్లు.

తాడు తెగింది.

ఉయ్యాల ఒక్కసారి తిరగబడి, మళ్ళీ సర్దుకుని, చీరకొంగు విప్పారుతూ కిందికి దిగింది. కింద పుష్కరుడి చేతులు. ఆ చేతుల చుట్టూ పైకెత్తిన కత్తులు. అన్నీ మొండివే, తన చేత్తో మొండి చేసినవే, మొనలు సైతం గుండ్రంగా తిప్పినవే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి అప్పుడే గుంపును చీల్చుకుని ముందుకొచ్చి, తాడుకి అందాలని, అందరికన్నా ఎత్తుగా లేచి ఉంది.

సరిగ్గా అప్పుడు ఒక పొగపాయ ఆమె కళ్ళకు అడ్డం పడింది. పొగ విడిపోయేసరికి కోటగోడ వెనకబడిపోయింది. కింద మొసళ్ళు, తరవాత ఇసుక మేటలు, తరవాత నల్లటి అడవి. ఏడుపు వినబడిందా అంటే, వినబడలేదు. నవ్వు వినబడిందా అంటే, గాలి హోరు.

"ఏమమ్మాయ్," అన్నాడు ధూమకేశుడు ఆకాశమార్గాన, ఆమె మెడ చుట్టూ వేసిన పొగపాయ వదులు చేసి, దారిలో కలిసిన మనిషితో మాట్లాడినట్టు. "రాయి కోసం వచ్చాను, దానికి అంటుకుని నువ్వొచ్చావు. నా గుహలో నీలాంటివాళ్ళకు పని చాలా ఉంది. కత్తులు మొండి చేసిందెవరో నాకిప్పుడు తెలిసింది. ఎందుకు చేశావు?"

"మా వాడు పాకుతున్నాడయ్యా," అంది చెంగల్వ.

తూర్పున, ఒకదాని భుజం మీద ఒకటి తలవాల్చిన ఏడు నల్లకొండలు దగ్గరపడుతున్నాయి. వాటి నడుమ గుహ నోట్లోంచి ఎర్రటి వెలుగు, ఆ వెలుగులో తల మీద ఒకే కన్నున్న కాపలా రాక్షసులు లేచి నిలబడి ఆవులిస్తున్నారు. చెంగల్వ ఒక చేత్తో రాయిని కరుచుకుని, మెడ వెనక్కి తిప్పి, బొట్టుబిళ్ళంత అయిపోయిన ఊరికేసి చూస్తోంది. ఆమె ఇప్పుడు దిగి వెళ్ళలేదు. చదువుతున్న మీకు వీలవుతుంది. దయచేసి ఒక్కసారి సానవీధికి వెళ్ళి, కోటగోడ పక్కన చివరి ఇంటి ముందు జనాన్ని తప్పించుకుని, పుష్కరుడి చేతుల్లో ఉన్న చీరమూట విప్పి చూడండి, పిల్లవాడు ఎట్లా ఉన్నాడో.